గాలిలో ఆగిన పంకా

నేను ఒక విమానపు పంకాని. ప్రొపెల్లర్ అంటే మీకు ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్కడో చలిదేశంలో ఆరు రేకులతో పుట్టాను. ముగ్గురు యజమానులు మారారు. ప్రతివాళ్ళూ నాకు కొత్త రంగు పూసి, కొత్తదాన్నన్నట్టు మురిసిపోయారు.

ఆ రోజు రాజమండ్రిలో లేచాం. చక్రాలు లోపలికి ముడుచుకున్నాయో లేదో, నా వెనకున్న ఎడమ ఇంజిన్ దబ్బుమని ఆగిపోయింది. వింతేమిటంటే, నేను ఆగలేదు. ఎదురుగాలి నన్ను తిప్పుతూనే ఉంది. చూసేవాళ్ళకి పనిచేస్తున్నట్టే ఉన్నాను గానీ, నిజానికి గాలికి అడ్డంపడి విమానాన్ని వెనక్కి లాగుతున్నాను. ముక్కు ఎడమకి తిరిగిపోతోంది. కింద తాటిచెట్ల తలలు దగ్గరపడుతున్నాయి.

అలాంటప్పుడు నా రేకులు వాటంతటవే పక్కకి తిరిగి, గాలికి అంచు చూపించి నిలబడిపోవాలి. ఆ రోజు ఆ ఏర్పాటు పనిచెయ్యలేదు. పైలట్లే చేత్తో లీవర్ లాగాల్సిందే. లోపల జరిగింది తర్వాత మెకానిక్‌లు చెప్పుకుంటుంటే విన్నాను. కోపైలట్ నజీర్ చెయ్యి కంగారులో కుడి ఇంజిన్ లీవర్ మీద పడిందట. అది లాగితే బాగున్న ఇంజినూ పోయేది.

"ఉండు నజీర్," అందట కెప్టెన్ హైమవతి. "ఏది పోయింది?"

"ఎడమది మేడమ్."

"మరి నీ చెయ్యెక్కడుంది?"

మరుక్షణం నా రేకులు పక్కకి ఒదిగాయి. తిరుగుడు మందగించి, ఆగాను.

గాలిలో నిలబడడం నాకదే మొదలు. అంతవరకూ లోకమంటే ఒక గుండ్రటి మసక. ఇప్పుడు మబ్బు మబ్బులా ఉంది, కాలవ కాలవలా ఉంది. కిటికీలోంచి ఒకావిడ నన్నే చూస్తోంది. కడియంలో మొక్కలమ్మే బుల్లెమ్మట.

"అయ్యబాబోయ్, ఫ్యాను ఆగిపోయిందర్రా!" అని ఆవిడ పెట్టిన కేకకి విమానమంతా గగ్గోలు. నేను ముంచుతూ తిరిగినంతసేపూ ఒక్కరూ నావైపు చూడలేదు. కాపాడుతూ నిలబడితే దేవుళ్ళకి మొక్కుకున్నారు!

ఒంటి ఇంజిన్‌తో చుట్టు తిరిగొచ్చి అదే రన్‌వే మీద దిగాం. బుల్లెమ్మ తిన్నగా నా దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఇది ఆగబట్టేనా మనం బతికాం?"

"ఇతను ఆపబట్టి," అంది హైమవతి, నజీర్ భుజం మీద చెయ్యేసి. అతను తల ఎత్తలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఎగిరి, ఇప్పుడు పైలట్ల శిక్షణ కేంద్రంలో ఇనపస్తంభానికి వేలాడుతున్నాను. వచ్చినవాళ్ళందరూ ఒకసారి తిప్పి చూసి వెళ్తారు. అక్కడే పాఠాలు చెప్పే నజీర్ మాత్రం, అందరూ వెళ్ళాక, ఇంకా తిరుగుతున్న నన్ను అరచేత్తో మెల్లగా ఆపి, అలాగే కాసేపు నిలబడతాడు.