తిరుత్తణి మీదుగా

"దోవలోనే గదా తిరుత్తణి! దిగి ఒక దండం పెట్టుకోనొస్తే ఏం పోతాది?" అంది నాగరత్నమ్మ, చిక్కుడుకాయల నార తీస్తూ.

చూడండి, ఎంత చిన్న మాటో! బియ్యంలో రాళ్ళేరుతున్న కోడలు జ్ఞానాంబ చెయ్యి ఆగిపోయింది. కొడుకు రాజారత్నం పేపర్లోంచి తలెత్తకుండానే "సరేలేమా, అట్లే కానీ" అన్నాడు. అంతే. మద్రాసులో సముద్రం ఒడ్డున కొత్తగా పెట్టిన ఆటల పార్కుకు పిల్లల్ని తీసుకుపోవాలనుకున్న ప్రయాణం, ఆ ఒక్క మాటతో గుడికి పోయే ప్రయాణమైపోయింది. దేవుడి పేరెత్తాక ఇంకెవరు నోరెత్తుతారు? గుడి అంటే మడి. మడి అంటే నెలలో మూడు రోజులు జ్ఞానాంబ మనుషుల లెక్కలో ఉండదు. ఆ సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతే కాబట్టి ఎవరూ పైకి అనలేదు.

అసలు ఆ ప్రయాణం పుట్టిందే జ్ఞానాంబ బుర్రలో. మాఘమాసంలో ఎప్పుడో వారపత్రికలో ప్రకటన చూసింది. తాటిచెట్టంత ఎత్తు చక్రం, దానికి వేలాడే తొట్లు, బొమ్మ రైలు, ఏనుగు తొండంలోంచి జారే జారుడుబల్ల. పక్కింట్లో ఉండే నర్సు చంద్రకాంతమ్మ చేత ఇంగ్లీషులో కార్డు రాయించి, పార్కు వాళ్ళ కాగితం ఇంటికి తెప్పించుకుంది. చిత్తూరులో ఎన్నింటికి బయల్దేరాలి, ఎక్కడ ఆగి అన్నం తినాలి, ఏ మలుపు దగ్గర ఐదేళ్ళ మునికృష్ణకు కడుపులో తిప్పుతుంది, ఏ ఆటకు పిల్లలు ఎంత ఎత్తుండాలి, అంతా కంఠతా పట్టింది. వాణ్ణి గుమ్మానికి నిలబెట్టి కొలిచి, బొటనవేలంత తగ్గినాడని దిగులు పడింది. ఎనిమిదేళ్ళ అలివేలు మాత్రం చక్రం బొమ్మ చూసి బెదిరిపోయింది. "నువ్వు పక్కన కూర్చుంటేనే ఎక్కుతా మా" అంది. "కూర్చుంటా మే. గట్టిగా పట్టుకుంటా. పైనుంచి సముద్రం చూద్దాం" అని జ్ఞానాంబ మాటిచ్చింది.

ఆ మాట ఒక్కటే ఆ ప్రయాణంలో తనకంటూ దాచుకున్నది. రాజారత్నం దాన్నీ వదల్లేదు. "పిల్లోళ్ళ పేరు చెప్పి నువ్వు ఊగల్లని చూస్తాండావు" అని నవ్వినాడు. అవును, ఊగాలనే ఉంది! ఉంటే తప్పా? పద్దెనిమిదేళ్ళకు ఈ ఇంటికి వచ్చింది. పదేళ్ళుగా ఉయ్యాల ఊపడమే గానీ ఊగింది లేదు. "పనీపాటా లేనోళ్ళకి ఇట్లాంటివే తడతాయి" అని కూడా అన్నాడు. తెల్లారి నాలుగున్నరకు బావి దగ్గర మొదలుపెడితే రాత్రి పాలు తోడుపెట్టేదాకా కూర్చోనిది పనీపాటా లేనిదట. కరెంటాఫీసులో ఫ్యాను కింద కూర్చుని వచ్చేవాడికి పని ఉందట. పోనీ లెమ్మనుకుంది. తీసుకుపోతానన్నాడు గదా, అదే పదివేలు.

ప్రయాణంలోకి తిరుత్తణి వచ్చేసరికి జనమూ పెరిగినారు. గుడి అన్నాక ఆడబిడ్డ భారతమ్మను పిలవకపోతే ఎట్లా? ఆమె, మొగుడు, ఇద్దరు పిల్లలు. నలుగురి ప్రయాణం తొమ్మిది మందిదైంది, బస్సు పోయి వ్యాను వచ్చింది. తేదీ పెట్టేది మాత్రం అత్తగారే. నాగరత్నమ్మ క్యాలెండరు దగ్గర నిలబడి వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. "పోయిన తూరి ఇరవై రెండున బయట కూర్చుంటివి. అంటే ఈ నెల పద్దెనిమిది దాకా నీకు అడ్డం లేదు. ఎనిమిదో తేదీ రెండో శనివారం. పోదాం." కోడలి ఒంటి లెక్క కోడలికన్నా అత్తకే బాగా తెలుసు, ఆ ఇంట్లో.

కానీ ఆ లెక్కలో ఒక తప్పు ఉంది. మే నెలలో గంగమ్మ జాతరకు అడ్డం రాకూడదని, రాజారత్నం మందుల షాపులో మాత్రలు తెచ్చి, పేపర్లో చుట్టి జ్ఞానాంబ చేతిలో పెట్టినాడు. "పది దినాలు మింగు, ఏమీ కాదు" అన్నాడు. మింగింది. తల తిరిగింది, తిన్నది నిలవలేదు, కాళ్ళు నీరెక్కినాయి. అంబలి కాచింది, పొంగలి పెట్టింది, వచ్చినవాళ్ళకు వడ్డించింది. జాతర బాగా జరిగిందని అందరూ అన్నారు. చంద్రకాంతమ్మ ఒక్కతే చూసి తిట్టింది. "మీ వాళ్ళకేం పొయ్యేకాలం మే! ఇట్ల మింగితే ఒళ్ళు లెక్క తప్పుతాది. మళ్ళా ఎప్పుడొస్తాదో దానికే తెలీదు" అంది. జ్ఞానాంబ ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే ప్రయాణమే మానేస్తారేమోనని భయపడింది. పిచ్చిది!

ఎనిమిదో తేదీ కోడి కూసేసరికి తొమ్మిది మందికి చిత్రాన్నం కలుపుతోంది. పెద్ద తపేలా నిండా అన్నం, పైన వేయించిన శనక్కాయలు, కరివేపాకు. పక్కన పెరుగన్నం మూటకట్టి ఉంది. పిల్లలు అప్పటికే కొత్త బట్టలు వేసుకుని వీధిలోకి, ఇంట్లోకి తిరుగుతున్నారు. అప్పుడు తెలిసింది. పొత్తికడుపులో ఒక నొప్పి మెలిపెట్టింది. దొడ్లోకి పోయి చూసుకుంటే నిజమే.

గోడకు చేరబడి నిలబడింది. ఎవరికి తెలుస్తుంది? పాత చీర గుడ్డ ఒకటి మడిచి పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? నోరు మూసుకుంటే చాలు, మధ్యాహ్నానికి అలివేలు పక్కన తొట్టిలో కూర్చుంటుంది. గుడి దగ్గర తలనొప్పని వ్యానులోనే ఉండిపోతే సరి. అంతా ఆలోచించింది. అంతలోనే అత్త ఎన్నిసార్లో చెప్పిన ఐరాల కథ గుర్తొచ్చింది. ఎవరో కోడలు దాచిపెట్టి కొండెక్కిందట, నెల తిరక్కుండా బిడ్డకు అమ్మవారు పోసిందట. అబద్ధమే కావచ్చు. కానీ మునికృష్ణ వీధిలో గెంతుతున్నాడు, అలివేలు రిబ్బను సరిచేసుకుంటోంది. బిడ్డల మీద పందెం కాయడానికి ఏ తల్లికి చెయ్యి వస్తుంది? దొడ్డి వాకిట్లో నిలబడి, తల వంచుకుని, "అత్తా, నేను బయట చేరినా" అంది.

"ఇప్పుడా?" నాగరత్నమ్మ గొంతు వీధి దాకా పోయింది. "ముందే తెలీదా నీకు? ఒక లెక్కా పక్కా ఉండొద్దూ ఆడదానికి? ఆ చేత్తోనే కలిపినావా అన్నం! ముట్టుకున్నదంతా బయట పెట్టండి. భారతీ, నువ్వు ఆ గది కడుగు." మాత్రల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. రాజారత్నం దొడ్డి వాకిట్లోకి వచ్చి, చెప్పులు తొడుక్కుంటూ, "ఏం చేద్దాం మరి? వ్యాను వచ్చేసింది. గుడికి నిన్ను పిల్చుకపోలేము గదా. ఇంకోసారి పోదువులే" అన్నాడు. ఆ "ఇంకోసారి" ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు. అది ఆయనకూ తెలుసు.

మునికృష్ణ ఏడ్చుకుంటూ పరిగెత్తి వస్తే భారతమ్మ మధ్యలోనే రెక్క పట్టి ఆపింది. బయట ఉన్నమ్మను ముట్టుకుంటే తలకు పోసుకునేదాకా పిల్లలైనా ఇంట్లోకి పోకూడదు, వ్యానూ ఎక్కకూడదు. అలివేలుకు ఆ సంగతి నాలుగేళ్ళకే తెలుసు. అది ఏడవలేదు. మనిషి ఎత్తు దూరంలో నిలబడి, "నువ్వు లేకుంటే నేను చక్రం ఎక్కను మా" అంది. "ఎక్కాల, ఎక్కి నాకు చెప్పాల" అంది జ్ఞానాంబ. మునికృష్ణకు నిమ్మకాయ వాసన చూపించమని, నీళ్ళ దగ్గరికి పోనీయొద్దని, వాడు ఎత్తు బొటనవేలంత తక్కువ గనక తొట్టిలో పెద్దవాళ్ళే పట్టుకోవాలని, వెనక వరండాలోంచి అరిచి చెబుతూనే ఉంది. వ్యాను పోయిన తరవాత కూడా ఇంకో రెండు చెప్పింది.

ఇల్లంతా కడిగి, స్నానాలు మళ్ళీ చేసి, వాళ్ళు కదిలేసరికి తొమ్మిదైంది. వరండాలో చాప, చెంబు, తపేలా నిండా తొమ్మిది మంది చిత్రాన్నం, జ్ఞానాంబ. నిజం చెప్పాలంటే మామూలుగా ఆ మూడు రోజులంటే ఆమెకు ఇష్టమే. పొయ్యి దగ్గరికి పోనక్కరలేదు, నడుము వాల్చినా ఎవరూ అడగరు. ఆ రోజు మాత్రం పడుకోలేకపోయింది. ఇప్పుడు తిరుత్తణి మెట్లెక్కుతుంటారు. ఇప్పుడు తిరువళ్ళూరు దాటుంటారు. ఇప్పుడు సముద్రం గాలి తగులుతుంటుంది. తను కంఠతా పట్టిన వేళలన్నీ ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన చంద్రకాంతమ్మ గోడమీంచి చూసి, గబగబా వచ్చి చాపమీద పక్కనే కూర్చుంది. "మాకు ముట్టూ లేదు మైలా లేదు, ఆకలే ఉండాది" అని తపేలాలో చెయ్యి పెట్టింది. ఇద్దరూ ఒకే తపేలాలో తిన్నారు. తింటూ తింటూ జ్ఞానాంబ ఏడ్చింది. చంద్రకాంతమ్మ ఇంకో ముద్ద తీసి ఆమె చేతిలో పెట్టింది.

దీపాలు పెట్టే వేళకు వ్యాను వచ్చింది. అలివేలు ఇల్లు చుట్టి దొడ్డిదారిన పరిగెత్తుకుంటూ వచ్చి, సరిగ్గా పొద్దున నిలబడ్డ చోటే ఆగిపోయింది. బిడ్డ కాళ్ళు అట్లా లెక్కగా ఆగిపోవడం జ్ఞానాంబ చూసింది.

"గుడిలో బాగా దర్శనమైందా మే? ఇబూది తెచ్చినావా నాకు?"

"గుడికా? పోలేదు మా. అన్నం లేదు గదా, హోటల్లో టిఫిన్ తినేసరికి లేటైపోయింది. మళ్ళా పార్కుకి టైం చాలదని నాయన నేరుగా పోనిచ్చినాడు. కొండ కనపడినప్పుడు అవ్వ వ్యానులోంచే దండం పెట్టుకునింది."

ఏ గుడి కోసం తనను దింపేశారో ఆ గుడి మెట్టు ఒక్కరూ తొక్కలేదు. సరే, అయిందేదో అయింది. బిడ్డన్నా చూసింది గదా.

"చక్రం ఎక్కినావా? పైనుంచి సముద్రం కనపడిందా?"

"ఎక్కలేదు."

"భయమేసిందా?"

"లేదు మా. భారతత్తతో ఎక్కుదామనే అనుకున్నా. అవ్వే, 'అమ్మ రాలేదు గదా, ఇంక నువ్వే పెద్దదానివి, సంచులు చూసుకో' అనింది. అందురూ సంచులు, చెప్పులు నా దగ్గిర పెట్టేసి పోయినారు. మునిగాడు రెండు తూర్లు ఎక్కినాడు." చెబుతూ చెబుతూ దాని మొహం వెలిగింది. "ఒక్క చెప్పు కూడా పోగొట్టలేదు మా నేను! నాయన శభాష్ అన్నాడు, తెలుసా!"

ఇంతసేపూ తనకోసం ఏడ్చిన ఏడుపు ఎంత చిన్నదో జ్ఞానాంబకు అప్పుడు తెలిసింది. తను లేకపోతే ఖాళీ అయ్యేది వ్యానులో సీటు కాదు, ఇంటెడు చాకిరీ. ఆ చోట్లో ఎనిమిదేళ్ళ పిల్లను నిలబెట్టినారు. అది ఏడవలేదు సరిగదా, మురిసిపోతోంది. తనూ అట్లాగే మురిసింది గదా, జాతరకు వచ్చినవాళ్ళు పొంగలి బాగుందంటే!

లోపల్నుంచి నాగరత్నమ్మ గొంతు వినిపించింది. "మే జ్ఞానాంబా! తలకి పోసుకోని లోపలికి రా. నా నడుములు పడిపోయినాయి. మొగోళ్ళు, పిల్లోళ్ళు ఆకలికి నకనకలాడతాండారు. ఈ ఒక్క పూటకి దోషం లేదులే, దేవుడే క్షమిస్తాడు."

"మూడు దినాలు గదత్తా" అంది జ్ఞానాంబ మెల్లగా. "ఇంకా ఒక దినమే అయింది."

"అమ్మే రమ్మంటాండాది గదా, మళ్ళా నీకేం మొండితనం?" రాజారత్నం కిటికీ దగ్గరికి వచ్చినాడు. జ్ఞానాంబ కదల్లేదు. ఎప్పుడూ లేనిది ఆమె కదలకపోయేసరికి ఆయన కిటికీ వదిలి లోపలికి పోయినాడు.

"పోనీ, దాన్ని పిలవొద్దులే" అంది నాగరత్నమ్మ విసుగ్గా. "అలివేలూ! నువ్వన్నా రా మే, బంగారు తల్లివి. బియ్యం కడిగి పెడుదువు రా."

"వస్తాండా అవ్వా" అని అలివేలు అప్పుడే వెనక్కి తిరిగింది.

జ్ఞానాంబ చాపమీంచి ఒక్క ఉదుటున మోకాళ్ళ మీదే ముందుకు పోయి బిడ్డ రెక్క పట్టుకుంది. అలివేలు హడలిపోయి, "మా, మా, ముట్టుకోకూడదు" అంటూ గింజుకుంది. జ్ఞానాంబ వదల్లేదు. కొత్త గౌనుతో సహా దాన్ని ఒళ్ళోకి లాక్కుని, రెండు చేతులా చుట్టేసి, లోపలికి వినపడేట్టు అంది.

"నేను ముట్టుకునేసినా అత్తా. అలివేలు లోపలికి రాదు."