గత్తర చాటింపు

సింగరాజుగడ్డ పంచాయతీ ఆఫీసులో దశరథం గుమాస్తా. ఊళ్ళో నలుగురికీ తెలియాల్సిన కబురు ఏదైనా ముందు అతని చేతిరాతలో చీటీ అవుతుంది, తర్వాత ఇస్రాయేలు నోట చాటింపు అవుతుంది. ఇస్రాయేలుకు చదువు రాదు. దశరథం చీటీని రెండుసార్లు చదువుతుంటే గోడకానుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. ఆ తర్వాత డప్పు భుజానికి తగిలించుకుని బయలుదేరితే కోమటి వీధి మొదలు కురుమవాడ దాకా ఒక్క మాట పొల్లుపోదు.

అరవై అయిదో సంవత్సరం మే నెలలో తాలూకా నుంచి ఒక కాగితం వచ్చింది. ఊళ్ళో గత్తర అని పిలిచే కలరా ఎన్నో దేశాలు దాటుకుంటూ మన దేశంలోకి వచ్చిందనీ, జిల్లాలో నాలుగైదు చోట్ల కనిపించిందనీ, ప్రజలు నీళ్ళు కాచి తాగేలా వెంటనే తెలియజేయాలనీ అందులో ఉంది. దశరథం దాన్ని సర్పంచ్ రామచంద్రం పటేలు దగ్గరికి పట్టుకెళ్ళాడు.

పటేలుకు అరవై దాటాయి. కాగితాన్ని కళ్ళకు దూరంగా పెట్టుకుని చదివి, మడిచి తిరిగి ఇచ్చాడు.

"ఏమని రాస్తవు?"

"గత్తరొచ్చింది, నీళ్ళు కాగవెట్టి తాగుండ్రి అని రాస్త పటేలా."

"గత్తర అన్న మాట రాయకు."

"మరి?"

"ఎండకు కడుపులు చెడుతున్నయ్, నీళ్ళు కాగవెట్టుకుంటే మంచిదని రాయి. సాలు."

"గంత మెత్తగ చెప్తే ఎవరింటరు?"

"నేను చెప్పినట్టు రాయి దశరథం," అన్నాడు పటేలు. గొంతు పెంచలేదు గానీ, అక్కడినుంచి లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

దశరథం అలాగే రాశాడు. చదువుతుంటే ఇస్రాయేలు రెండోసారి పూర్తికాకముందే కళ్ళు తెరిచాడు.

"సారూ, గిది గత్తరనేనా?"

"చీటీల ఉన్నది చెప్పు."

"చీటీల లేందే అడుగుతున్న."

దశరథం కలం మూత పెట్టి తీసి, మళ్ళీ పెట్టాడు.  ఇస్రాయేలు అది చూసి, డప్పు కాచుకోవడానికి వెళ్ళాడు.

ఆ రోజు నుంచి దశరథానికి కుదురు పోయింది. ఇంట్లో భార్య అండాలుతో అతను మొదటి పూటే అసలు మాట చెప్పేశాడు. ఆమె భయపడి పొయ్యి మీదినుంచి నీళ్ళ కుండ దించడం లేదు. తాగే నీళ్ళు, నోరు పుక్కిలించే నీళ్ళు, చివరికి పెరుగులో కలిపే నీళ్ళు కూడా కాచినవే. ఆ నీళ్ళు గొంతులోకి దిగుతున్నప్పుడల్లా అతనికి ఊరు గుర్తొచ్చేది. ఆఫీసులో కూర్చోలేక ఏదో పని కల్పించుకుని వీధుల్లోకి వెళ్ళేవాడు. ఇస్రాయేలు చాటింపును విన్నవాళ్ళు కూడా విననట్టే ఉన్నారు. కురుమవాడ చేదబావి దగ్గర ఆడవాళ్ళు కడవలు ముంచుకుంటున్నారు, అక్కడే గుడ్డలు పిండుకుంటున్నారు. మొగవాళ్ళు దోసిళ్ళు పట్టి తాగుతున్నారు. ఒకామెను ఆపి, "నీళ్ళు కాగవెట్టుకుంటున్నరా?" అని అడిగాడు. "యెండకాలం వేడినీళ్ళెవరు తాగుతరు సారూ?" అని ఆమె నవ్వింది. అతను ఇంకేమీ అనలేక వెనక్కి వచ్చాడు.

చాటింపు వేసిన ఆరో రోజున కురుమవాడలో ఒక ముసలాయన పోయాడు. వయసు మీదపడ్డవాడే కదా అనుకున్నారు. ఎనిమిదో రోజున కురుమయ్య పోయాడు. అతనికి నలభై కూడా లేవు. ముందు రోజు నూటయాభై గొర్రెల మందను ఒక్కడే గుట్ట మీదినుంచి దించుకొచ్చిన మనిషి.

అతను పోయిన మూడో రోజు పొద్దున కురుమయ్య భార్య గుర్వమ్మ చావు రాయించడానికి ఆఫీసుకు వచ్చింది. దశరథం రిజిస్టరు తీశాడు.

"ఎట్ల పోయిండు?"

"పొద్దు పొడువంగ వాంతులు మొదలైనయ్. పొద్దుగాల బువ్వ యాల్లకే కండ్లు లోపలికి పోయినయ్. నీళ్ళు, నీళ్ళు అన్నడు. యెండకు కడుపు చెడ్డదని మీరే చాటిపిస్తిరి గద, సల్లగుంటదని బాయి నీళ్ళు చేది తాపిన. తాగినకాడికి తాపిన." ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "మా ఆడిబిడ్డ దేవరకొండ దిక్కు ఉంటది. ఆడ గత్తరని పేరు వెట్టి చెప్పిండ్రంట. గీడెందుకు చెప్పలే? నీకు తెల్వదా?"

దశరథం తలెత్తాడు. తెలియదని అనడం ఎంత తేలికో అతనికి ఆ క్షణంలో తెలిసింది.

"తెలుసు," అన్నాడు.

"మీ ఇంట్ల కాగవెట్టుకుంటున్నరా?"

"ఆ."

"ఎప్పటి సంది?"

"కాయితం వచ్చిన నాటి సంది."

తిడుతుందనుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు. గుర్వమ్మ రెండూ చెయ్యలేదు. "నా బిడ్డ బీరమ్మకు పొద్దటి సంది వాంతులైతున్నయ్," అంది. "ఇప్పుడన్న చెప్పు. ఏం జెయ్యాలె?"

దశరథం కుర్చీ తోసేసి లేచాడు. దవాఖాన ఉన్న దేవరకొండకు బస్సు మధ్యాహ్నం దాకా లేదు. ఆమెతో పాటు కురుమవాడకు పరుగెత్తి, ఆరేళ్ళ బీరమ్మను బొంతలో చుట్టి భుజాన వేసుకుని సడక్ మీదికి తెచ్చాడు. పిల్ల ఒంట్లో బరువే లేదు. నకిరేకల్ వైపు నుంచి వచ్చిన లారీకి అడ్డంగా నిలబడి ఆపాడు. డ్రైవరు పిల్ల ముఖం చూసి సందేహించాడు గానీ, కాదనలేక తల్లినీ బిడ్డనూ ఎక్కించుకున్నాడు. దశరథం దారిలో తన ఇంటి దగ్గర ఆగి, కాచిన నీళ్ళలో ఉప్పు కలిపి తెచ్చిన చెంబును గుర్వమ్మ చేతికిచ్చి, "తొవ్వ పొడుగున జరంత జరంత తాపు. దవాఖానల దించేదాంక ఆపకు," అన్నాడు.

లారీ వెళ్ళిన వెంటనే ఇస్రాయేలు ఇంటికి వెళ్ళాడు.

"డప్పు తియ్యి. గత్తరొచ్చిందని చెప్పు."

"చీటీ?"

"లేదు. నా మాటే."

ఇస్రాయేలు కదల్లేదు. "మాట మీది. అనేది నా నోరు. రేపు ఎవరికన్న కోపమొస్తే మీ దాంక రారు సారూ, నన్నే కొడ్తరు. చెప్పుమంటే చెప్త. మీరు గూడ నా పక్కన నడువుండ్రి."

దశరథం ఎప్పుడూ చాటింపు వెంట నడిచినవాడు కాదు. ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచాడు. ప్రతి వీధి మొగన డప్పు మోగింది. "ఊరోళ్ళారా! ఊళ్ళకు గత్తరొచ్చింది! కురుమవాడల ఇద్దరు పోయిండ్రు! బాయి నీళ్ళు తాగొద్దు!" అని ఇస్రాయేలు గొంతెత్తాడు.  ఒక్కొక్కటిగా తలుపులు తెరుచుకున్నాయి.

ఊరు భయపడుతుందనుకున్నాడు గానీ, ఇలా లేచిపోతుందని అనుకోలేదు. మూడు గంటలు తిరగకముందే బండ్లు కట్టారు. మూటలు, కోళ్ళు, పసిపిల్లలు, వడ్ల బస్తాలు. దుకాణాలు మూతపడ్డాయి. పొద్దు వాలేసరికి ముప్పై ఇళ్ళదాకా తాళాలు వేలాడాయి.

పటేలు కర్ర పట్టుకుని ఆఫీసు అరుగు దగ్గరికి వచ్చాడు. కొట్టేలాగే ఉన్నాడు. కానీ మెట్టు మీద కూలబడ్డాడు.

"సూసినవా? గందుకే వద్దన్న." కాసేపు ఊపిరి తీసుకుని అన్నాడు. "నాకు తొమ్మిదేండ్లప్పుడు గిట్లనే డప్పు కొట్టిండ్రు. ఊరు ఊరంత ఉరికింది. బండిల మా అమ్మకు వాంతులైనయ్. మా వాళ్ళు దింపి తొవ్వ పక్కన పండవెట్టిండ్రు. నేను దిగుతనంటే నన్ను గుంజి పట్టుకున్నరు. బండి ఆగలే. ఆమె ఎప్పుడు పోయిందో, ఎవలు పూడ్చిండ్రో నాకియ్యాలటికి తెల్వదు. గా మాట అంటే జనం ఉరుకుతరు దశరథం."

"అనకపోతే కురుమయ్య పాయె పటేలా."

"ఇప్పుడంటివి. బండ్లు గట్టి పోయినోళ్ళు దీన్ని ఏ ఊరికి మోసుకపోతరో?"

 కొంచెం దూరంగా కూర్చున్న ఇస్రాయేలు గొంతు సవరించుకున్నాడు. "దొరా, గత్తరొచ్చిందని చెప్పినం. అయితే మేమేం జెయ్యాలె అని ఇంటింటికి అడిగిండ్రు. నా కాడ మాట లేదు. అందుకే బండ్లు గట్టిండ్రు."

పటేలు ఆ మాట విని కర్ర ఊతంగా లేచాడు. మెట్టు దిగుతూ, "రేప్పొద్దున రాయి. ఏం జెయ్యాల్నో అంత రాయి. నేను గూడ ఎంట తిరుగుత," అన్నాడు.

బీరమ్మను చేర్చిన దవాఖాన నుంచి కబురంది, తెల్లవారాక సూదిమందుతో ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బడిని దవాఖానగా మార్చారు. గత్తర సూది వేసుకుంటే చేయి వాచి జ్వరం వస్తుందని జనం వెనక్కి తగ్గుతుంటే, పటేలు అందరి ముందూ చొక్కా విప్పి మొదటి సూది వేయించుకున్నాడు. ఆ వాచిన చేతితోనే ఇస్రాయేలు వెంట నడిచాడు. ఊరి బయట ఇంకా కదలని బండ్ల దగ్గర ఆగి, "పోకుండ్రి. పోతే మీ ఎంట వస్తది. ఉంటే మందుంది," అని ఒక్కొక్కరికీ చెప్పాడు. కొందరు మూటలు దించారు. కొందరు ముఖం తిప్పుకుని ఎడ్లను అదిలించారు.

అప్పటినుంచి రోజుకు రెండుసార్లు చాటింపు. ఎవరికి వచ్చింది, ఎంతమందికి తగ్గింది, ఏ బావిలో మందు కలిపారు, ఏ బావి నీళ్ళు ముట్టకూడదు, బట్టలు ఎక్కడ ఉతకాలి, అన్నీ ఆ చీటీలో ఉండేవి. "ఇయ్యాల కొత్తగ ముగ్గురు. ఇద్దరు కురుమవాడ, ఒక్కరు కోమటి వీధి. నిన్న పడ్డ గాలయ్య లేచి జొన్న గట్క తాగిండు," అని ఇస్రాయేలు చెబుతుంటే జనం గడపల్లో నిలబడి వినేవాళ్ళు. అంతదాకా ఊళ్ళో తిరిగిన పుకార్లు, రాత్రికి రాత్రే యాభైమంది పోయారని, బావిలో ఎవరో విషం కలిపారని, మెల్లగా తగ్గిపోయాయి.

దశరథానికి మాత్రం నెమ్మది రాలేదు. లెక్క వచ్చేదాకా బడికీ ఆఫీసుకూ మధ్య తిరుగుతూనే ఉండేవాడు. నాలుగో రోజున, బండి కట్టుకుని వెళ్ళిన కుటుంబంలోని గోపమ్మ పది మైళ్ళ అవతల తమ్ముడి ఇంట్లో చనిపోయిందనీ, ఆ ఊళ్ళో ఇద్దరికి అంటుకుందనీ తెలిసింది. తన మాట విని పరుగెత్తిన మనిషి. ఆ పూట అండాలు పెట్టిన అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, తినలేక లేచిపోయాడు.

"నువ్వు చెప్పకపోతే గీడనే పోయేదేమో," అంది అండాలు.

"ఏమో," అన్నాడు. "గదే తెలుస్తలేదు."

తొమ్మిదో రోజున కొత్తవాళ్ళు ఒక్కసారిగా తొమ్మిదిమంది. చీటీ మీద ఆ అంకె చూసి పటేలు చేయి ఆగింది.

"నాలుగని చెప్దామా?" అన్నాడు నెమ్మదిగా. "మల్ల ఉరుకుతరు."

 పటేలు చీటీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వద్దు. తొమ్మిదే చెప్పు," అని ఇచ్చేశాడు. ఆ రోజు ఎవరూ బండి కట్టలేదు. బడి దగ్గర సూది కోసం మాత్రం వరుస సడక్ దాకా పెరిగింది.

జూన్ మూడో వారానికి కొత్తగా పడేవాళ్ళు లేకుండా పోయారు. మొత్తం మీద ఊళ్ళో పందొమ్మిదిమంది పోయారు. బీరమ్మ బతికింది. దవాఖానలో నరానికి ఉప్పునీళ్ళు ఎక్కించారట. పిల్ల అయిదు రోజుల తర్వాత తల్లి చంకన ఇంటికి వచ్చింది. సర్పంచ్‌కు చెప్పకుండా చాటింపు వేయించాడని పైవాళ్ళకు ఎవరో దశరథం మీద అర్జీ పెట్టారు. విచారణకు వచ్చిన అధికారితో, "నేనే వేయించిన," అని పటేలు ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఆ తర్వాత కూడా దశరథంతో ఆ విషయం ఎత్తలేదు.

వానలు మాత్రం రాలేదు. గుట్టల మీద గడ్డి మాడిపోయింది. జూన్ ఆఖర్లో గుర్వమ్మ ఆఫీసు గడప దగ్గరికి వచ్చి నిలబడింది. లారీ ఎక్కిన రోజు తర్వాత ఆమె అతనితో మాట్లాడటం అదే మొదటిసారి.

"మందను కిష్ణ ఒడ్డు దిక్కు తోల్కపోతున్న. గీడుంటే గొర్లు బతకయ్. బిడ్డను గూడ తోల్కపోతున్న. ఆ దిక్కు ఊళ్ళల్ల గత్తరుందా?"

దశరథం కాగితాలన్నీ వెతికాడు. ఆ వైపు ఊళ్ళ సంగతి ఎందులోనూ లేదు. లేదని చెప్పి పంపించవచ్చు. ఉందేమో అని ఆపవచ్చు.

"నాకు తెల్వదు గుర్వమ్మా," అన్నాడు. "ఇయ్యాలనే తాలూకాకు రాసి అడుగుత. జవాబొచ్చేదాంక ఆగుతవా?"

"గొర్లు ఆగుతయా?"

"మరి ఎక్కడ తాగినా కాగవెట్టుకునే తాగుండ్రి."

"తెల్వదంటివి. మంచిది," అంది ఆమె. ఆ మాటలో కోపం ఉందో లేదో అతనికి తెలియలేదు. తెల్లవారేసరికి మంద ఊరు దాటింది.

జవాబు రావడానికి పదకొండు రోజులు పట్టింది. అందులో రెండు ఊళ్ళ పేర్లు ఉన్నాయి. దశరథం సడక్ మీద నిలబడి ఆ దిక్కు పోయే ప్రతి లారీవాణ్ణీ, ప్రతి బండివాణ్ణీ ఆపి ఆ పేర్లు చెప్పాడు. పిల్లతో మందను తోలుకుపోతున్న ఆడమనిషి కనబడితే చెప్పమన్నాడు. వాళ్ళు తలూపి పోయేవాళ్ళు. మర్నాడు మళ్ళీ నిలబడేవాడు. ఆగస్టు గడిచింది. సెప్టెంబరు గడిచింది. ఎవరూ ఏ కబురూ తేలేదు.

దసరాకు ముందు మంద తిరిగొచ్చింది. కొంచెం పొడుగైన బీరమ్మ కర్ర పట్టుకుని ముందు నడుస్తోంది. దశరథం దుమ్ములోకి ఎదురెళ్ళాడు.

"నీ కబురు ఒక బండాయన చెప్పిండు సారూ," అంది గుర్వమ్మ. "అప్పటికే గా రెండూళ్ళు దాటినం. కాగవెట్టుకునే తాగినం."

అతను ఇంకేదో అడగబోయాడు. ఆమె ఆగకుండా, వెనకబడ్డ గొర్రెను అదిలిస్తూ కురుమవాడ వైపు మళ్ళింది.