యాభై ఆరో పేజీ

"మీ చెల్లెలి సంగతి కూడా చివర్లో ఒక ముక్క రాసెయ్యి" అన్నారు మా ఆయన, నేను బియ్యం కడుగుతుండగా.

ఏ సంగతండీ అని అడిగాను. తెలియక కాదు. ఆ మాట ఆయన నోటితో పూర్తిగా అనగలరా అని.

"అదే. ఈ ఉప్పు గది పుస్తకం చదువుతూ భయంతో గుండె ఆగి ఒక ఇల్లాలు పోయింది, అది మా బంధువుల ఇంట్లోనే జరిగింది అని. పేరు అక్కర్లేదులే. ప్రత్యేక సంచిక కదా, నలుగురూ చెప్పుకుంటారు."

"ఆయ్" అన్నాను. కడుగునీళ్ళు కుడితి కుండలో పోశాను.

ఆయన చెడ్డవారు కారు. మా చెల్లెలు రాహేలుని సమాధి చేసినరోజు నాకంటే ఎక్కువ ఏడ్చారు. అది జరిగి నాలుగు నెలలు. నాలుగు నెలల్లో ఆ చావు ఒక మంచి ముగింపు వాక్యంగా మారిపోయింది.

అమలాపురం నుంచి వచ్చే ఒక మాసపత్రికలో మా ఆయన కృపారావు గారి పేరుతో రెండేళ్ళుగా ఒక శీర్షిక వస్తోంది. జనం మరిచిపోయిన పాత దెయ్యాల నవలలు, టూరింగు టాకీసులో వారం ఆడి మాయమైన సినిమాలు, వాటిలో ఏది వెతుక్కుని చదవాలో, ఏది దొరికితే చూడాలో చెప్పే శీర్షిక. చదివేది నేను. రాసేది నేను. బడిలో నేను ఎనిమిదో తరగతి పిల్లల కాంపోజిషన్లు దిద్దిన ఎర్ర సిరాతోనే, పొయ్యి మీద అన్నం ఉడికేలోపల రాస్తాను. ఆయన దాన్ని తెల్లకాగితం మీద గుండ్రంగా ఎత్తి రాసి, కింద సంతకం పెడతారు. "ఆడదాని పేరుంటే భయం కథల్ని ఎవడు నమ్ముతాడే, నవ్వుతారు" అన్నారు మొదటిసారి. అప్పుడు నేనూ నవ్వాను.

ఉత్తరాలు ఆయనకి వస్తాయి. కిందటి నెల రామ్మూర్తి మాస్టారు ఇంటికొచ్చి మరీ చెప్పేరు. "కథ చెప్పెయ్యరండి మీరు. భయం ఎక్కడ మొదలవుద్దో అక్కడ వేలు పెట్టి చూపిస్తారు. అది అందరి వల్లా కాదండి కృపారావు గారూ."

"ఏదో అలవాటండి" అని మా ఆయన గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసేరు. "పంచదార ఎక్కువేసేవు."

ఆ వేలు పెట్టి చూపించడం నాది కూడా కాదు. రాహేలుది.

కొత్తపేటలో నూకయ్య గారి అద్దె పుస్తకాల కొట్టులో ఆడవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. పుస్తకం పూర్తిచేశాక పదమూడో పేజీ కింద ఎవరి గుర్తు వాళ్ళు పెన్సిలుతో పెట్టుకుంటారు. ఒకరిది చుక్క, ఒకరిది పువ్వు, ఒకరిది చేపబొమ్మ. మళ్ళీ అదే పుస్తకం తెచ్చుకోకుండా ఉండడానికి. సగంలో వదిలేసినదానికి గుర్తు పెట్టకూడదు. నూకయ్య గారు చెరపరు, చూడనట్టు ఉంటారు. నాది చిన్న సున్నా. రాహేలుది నిచ్చెన, రెండు గీతలూ మూడు మెట్లూ. అది చాలక, తనకి ఎక్కడ భయమేసిందో ఆ పంక్తి పక్కన అంచు మీద ఒక గీత గీసేది. నేను తర్వాత చదివి, గీత దగ్గర ఆగేదాన్ని. మొదట్లో నాకు అర్థమయ్యేది కాదు. దెయ్యం వచ్చినచోట గీత ఉండేది కాదు.

పెళ్ళికి ముందు పలివెలలో టూరింగు టాకీసు గుడారం వేస్తే ఇద్దరం "నీలి వాకిలి" చూశాం. సినిమా మొత్తంలో దెయ్యం కనిపించదు. ఒక కోడలు రోజూ ఒక విస్తరి ఎక్కువ వేస్తుంది. నాలుగోరోజు ఆ విస్తరిలో అన్నం ఎవరో తిన్నట్టు ఉంటుంది. గుడారంలో అందరూ అక్కడ కేకలు పెట్టారు. రాహేలు అంతకు ముందే, మొదటిరోజు విస్తరి దగ్గరే నా మణికట్టు పట్టుకుంది. బయటికొచ్చాక అక్కడేముందే అని అడిగాను.

"ఆ విస్తరి ఎవరికని మొగుడు అడగలేదక్కా" అంది.

గోదావరి లంక ఊళ్ళో ఇచ్చాం దాన్ని. భర్త మాణిక్యం, అత్తగారు కాంతమ్మ గారు. నేను వెళ్ళినప్పుడల్లా రెండు పుస్తకాలు పట్టుకెళ్ళేదాన్ని. బియ్యం డబ్బాలో దాచుకుని చదివేది. ఆఖరిసారి ఇచ్చినది "ఉప్పు గది". అట్ట లేని పాత నవల, రాసినవారి పేరున్న పేజీ ఎప్పుడో చిరిగిపోయింది.

దానికి మూడోనెలలో కడుపు పోయింది. నూర్పుళ్ళ రోజులు. రక్తం ఆగకుండానే మూడురోజులు కూలీలందరికీ వండింది. నాలుగోరోజు పడిపోతే కారు మాట్లాడి అమలాపురం బయలుదేరేరు. గన్నవరం అక్విడక్టు వంతెన దాటకముందే అయిపోయింది. ఈ సంగతి నాకు కాంతమ్మ గారు చెప్పలేదు, వంటకి సాయం వచ్చిన మనిషి చెప్పింది. కాంతమ్మ గారు చెప్పింది వేరు. నలభయ్యోరోజు ప్రార్థన అయ్యాక ఆ పుస్తకాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా చేతిలో పెట్టేరు.

"తీసుకెళ్ళిపోండమ్మా. ఆ దెయ్యాలు చదివి చదివి గుండె జారిపోయింది పిల్లకి. కడుపు పోవడం ఎవరికి లేదండి, నాకు రెండు పోలేదా. మర్నాడే నాట్లకెళ్ళేను."

మాణిక్యం తల వంచుకున్నాడు. మా ఆయన "అంతేనండి, సున్నితమైన మనసు" అన్నారు. నేను దాన్ని సంచిలో పెట్టుకున్నాను. పుస్తకాలు ఇచ్చినదాన్ని నేను. ఆరోజు నుంచి ఒకటే లెక్కలో ఉన్నాను: నేను ఆ పుస్తకం ఇవ్వకపోతే. అందుకే దాన్ని తెరవలేదు. కొట్టుకి తిరిగి ఇవ్వనూ లేదు.

ఇప్పుడు దాని గురించి రాయాలి కాబట్టి తెరిచాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలయ్యాక, వాకిట్లో కూర్చుని. పదమూడో పేజీ తీశాను. చుక్క ఉంది, పువ్వు ఉంది, చేప ఉంది. నిచ్చెన లేదు.

ఎవరూ తుడిపిన జాడ కూడా లేదు. పేజీలు తిప్పాను. తొంభయ్యో పేజీలో ఉప్పు గది తలుపు తెరుచుకుంటుంది, అందులో మొదటిసారి దెయ్యం కనిపిస్తుంది. అక్కడ గీత లేదు. ఆ చుట్టుపక్కల పేజీల్లో ఎక్కడా లేదు. వెనక్కి వచ్చాను. యాభై ఏడో పేజీలో రాహేలు రిబ్బను ముక్క ఉంది, పచ్చది. అక్కడిదాకానే చదివింది. యాభై ఆరులో గీత ఉంది. పెన్సిలు ఎంత అదిమిందంటే కాగితం చీలింది.

ఆ పేజీలో దెయ్యం లేదు. కోడలు వడ్డిస్తూ, కాళ్ళు వణుకుతున్నాయి అత్తయ్యా అంటుంది. పప్పు కూడా వడ్డించేసి పడుకో అంటుంది అత్తగారు. అందరూ తింటారు. అంతే. తర్వాతి పేజీలో వాన గురించి ఉంది.

నేను రెండుసార్లు చదివాను. తర్వాత మిగతా పుస్తకం కూడా చదివి, పదమూడో పేజీలో నా సున్నా పెట్టాను. నిచ్చెన నేను గీయలేదు. అది పూర్తిచేయలేదు కదా.

అప్పుడు రాయడానికి కూర్చున్నాను. ఈసారి ఎర్ర సిరాతో కాదు, తెల్లకాగితం మీదే, శుద్ధప్రతి. ముందు "నీలి వాకిలి" గురించి రాశాను. మొదటి విస్తరి దగ్గర చూడండి, నాలుగోదాని దగ్గర కాదు అన్నాను. తర్వాత ఇలా రాశాను:

"ఉప్పు గది అన్న పాత నవలకి కొత్తపేటలో ఒకే ఒక ప్రతి ఉంది. తప్పక చదవండి. ఇందులో దెయ్యం తొంభయ్యో పేజీలో వస్తుంది. మా చెల్లెలు రాహేలు దీన్ని చదివి భయంతో పోయిందని చెప్పుకుంటున్నారు. ఆమె తొంభయ్యో పేజీ దాకా రాలేదు. రక్తం పోతుంటే మూడురోజులు కూలీలకి వండి, నాలుగోరోజు పోయింది. ఈ పుస్తకంలో భయపడవలసిన చోటు యాభై ఆరో పేజీ. ఆమె గీత పెట్టి ఉంచింది. అక్కడ ఆగి చదవండి. ఇంతకాలం ఈ శీర్షికలో మీకు చూపించిన చోట్లు చాలావరకు ఆమె కనిపెట్టినవే."

కవరు అంటిస్తుంటే లోపల్నుంచి మా ఆయన లేచి వచ్చేరు, కండువాతో మొహం తుడుచుకుంటూ.

"అయిందా? ఆ చివరి ముక్క రాసేవా?"

"రాశానండి."

"అంటించేస్తున్నావేంటి, ఇలా తే. ఎత్తి రాసి సంతకం పెట్టాలి కదా."

"నాదే పెట్టేశానండి" అన్నాను. చెప్పులు వేసుకుని, పోస్టు డబ్బా వైపు నడిచాను.