ఎస్తేరుకి రాసిచ్చిన ఆసుపత్రి

జ్ఞానరాజుకి వారమంటే శనివారం మధ్యాహ్నం మూడున్నర. మిగతాదంతా ఆ మూడున్నర కోసం ఈడ్చుకొచ్చే కాలం. భార్య పోయాక, నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ వెనక రెండు గదుల వాటాలో ఉంటున్న ఆయన్ని "భోంచేశారా?" అని అడిగే మనిషి ఈ లోకం మొత్తానికి ఒక్కతే ఉంది. ఆవిడ పేరు ఎస్తేరు. ఆవిడ ఫోను వచ్చేది శనివారం మూడున్నరకి.

ఎస్తేరుది ఆఫ్రికా పడమటి తీరాన ఓ చిన్న దేశం. సముద్రం అడుగున చమురు పడేదాకా అదొకటుందని మనవాళ్లెవరికీ తెలీదు. పడగానే వాళ్ల అధ్యక్షుడు రేడియోలో, "ఈ చమురు మీది. మీకేం కావాలో ఉత్తరం రాయండి" అన్నాడు. అనడానికేం, నోరు నొప్పెడుతుందా? పాపం జనం నమ్మారు. మూటలకి మూటలు ఉత్తరాలొచ్చిపడ్డాయి. వంతెన కావాలని ఒకరు, బడికి పంతులు కావాలని ఇంకొకరు, కట్టుడు పళ్లు కావాలని ఒక ముసలాయన. ముందుగా వచ్చింది మాత్రం మంత్రులకి కొత్త కార్లు. అవి తిరగడానికి రోడ్లు తర్వాత వస్తాయన్నారు.

ఆ ఉత్తరాలకి జవాబులు టైపు కొట్టడానికి ఓ కంపెనీ ఇక్కణ్ణుంచి తీసుకెళ్లిన గుమాస్తాల్లో జ్ఞానరాజు ఒకరు. ఎవరేం అడిగినా జవాబు ఒకటే: "మీ కోరిక పరిశీలనలో ఉంది." కింద ప్రభుత్వ ముద్ర. అంతటితో ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ ఆయన ఇక్కడ ఇరవై ఏళ్లు మిషన్ చర్చిలో ప్రార్థన విన్నపాల చీటీలు చదివిన సంఘపెద్ద. వాళ్ల చర్చిలో ఒక అలవాటుంది. చీటీ చదివిన పెద్ద దాని కింద "తప్పక జరుగును" అని తన చేత్తో రాసి, సంతకం పెట్టి తిరిగిస్తాడు. అది ధైర్యమే తప్ప హామీ కాదని ఇచ్చేవాడికీ తెలుసు, పుచ్చుకునేవాడికీ తెలుసు.

ఎస్తేరు ఉత్తరంలో, కాన్పు కష్టమైతే పడవలో పట్నం చేరేలోపే ఆడవాళ్లు పోతున్నారు, మా ఊరికో ఆసుపత్రి ఇప్పించండి అని ఉంది. జ్ఞానరాజుకి మనసాగలేదు. అచ్చు జవాబు కింద ఇంగ్లీషులో "తప్పక జరుగుతుంది" అని రాసి, పేరూ ఫోను నంబరూ వేశాడు. అలా ఇంకా ఎంతమందికి రాశాడో ఆయనకే గుర్తులేదు.

ఆ దేశంలో ప్రభుత్వ ముద్ర కింద చేతిరాత ఉందంటే మంజూరైనట్టే. కాగితాలు పట్టుకుని జనం ఆఫీసు మీదికొచ్చారు. పైవాళ్లు జ్ఞానరాజుని విమానం ఎక్కించేశారు కానీ, ఆ రాతకి విలువ లేదని జనానికి మాత్రం చెప్పలేదు. చెబితే మళ్లీ అడుగుతారని భయం.

ఆయన నర్సీపట్నం చేరిన నెలకి, ఆయన్ని పంపేసిన సంగతి తెలియని ఎస్తేరు వాట్సాప్‌లో ఫోను చేసింది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే.

"ఆఫీసరుగారూ, మా ఆసుపత్రి ఎంతవరకూ వచ్చింది?"

ఆయన నిజం చెప్పబోయాడు. అంతలోనే ఆవిడ, "గొంతు నీరసంగా ఉందేం? భోంచేశారా?" అంది. ఆ రోజు ఆయన భోంచెయ్యలేదు.

"ఫైలు కదులుతోందమ్మా" అనేశాడు.

ఆ లేని ఫైలు రెండేళ్లుగా కదులుతూనే ఉంది. కొయ్యూరు బస్సు హారను మోగితే ఆవిడ అది తమ రాజధాని రోడ్డనుకుంటుంది. ఆయన కాదనడు. జ్ఞానరాజు చెడ్డవాడేం కాదు. కానీ ఒంటరితనం మంచివాడిచేత కూడా ఇలాంటి సిగ్గుమాలిన పని చేయిస్తుంది.

ఆ శనివారం మూడున్నర కాకముందే, పక్కవాటా రామాయమ్మ బట్టలు ఆరేస్తూ పలకరించింది. "ఎవులండీ బాబూ, వారం వారం ఇంగిలీసులో మాటాడతారు? సుట్టాలేటి?"

"ఆఁ, చుట్టాలేనండీ" అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకెంతో బాగుంది.

ఫోను మోగింది. ఎస్తేరు ఈసారి భోజనం సంగతి అడగలేదు.

"ఆఫీసరుగారూ, మా పెద్దమ్మాయికి నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని అంటోంది. పట్నం తీసుకెళ్దామని మా తమ్ముడు పడవ సిద్ధం చేశాడు. నేనే ఆపాను. ఈ వారంలోనే ఆసుపత్రి వాళ్లు బయల్దేరుతున్నారని మీరన్నారుగా. మేం ఆగుతాం."

అన్న మాట నిజమే. పోయిన శనివారం, ఆవిడ సంతోషపడితే వినాలనిపించి అన్నాడు.

"ఆగండి" అంటే చాలు, వచ్చే శనివారం కూడా ఫోను వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యమేసింది.

"ఎస్తేరమ్మా, అమ్మాయిని పడవెక్కించండి. ఇప్పుడే. ఆసుపత్రి రాదు. ఫైలూ లేదు, నేను ఆఫీసర్నీ కాను. రెండేళ్ల నుంచి మా ఊళ్లోనే ఉన్నాను."

అవతల కాగితం విప్పిన చప్పుడు.

"మరి ఈ కాగితం?"

"మీ ధైర్యం కోసం రాశాను."

"ధైర్యం మాకుంది. లేనిది ఆసుపత్రి" అంది ఎస్తేరు. "ఉత్తరం సరే. రెండేళ్లూ నా ఫోను ఎందుకెత్తారు?"

"నాకు ఇంకెవరూ ఫోను చెయ్యరమ్మా."

ఆవిడ తన భాషలో ఎవరినో కేకేసింది. పరుగెడుతున్న అడుగుల చప్పుడు వినిపించింది. ఫోను ఆగిపోయింది.

వచ్చే శనివారం దాకా ఆయన ఆగలేకపోయాడు. మర్నాడు చేశాడు, ఆ మర్నాడూ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు చూస్తే, వాట్సాప్‌లో ఆవిడ బొమ్మ ఉండే చోట ఖాళీ సున్నా. ఇక ఫోను వెళ్లకుండా తన నంబరు తీసేసిందని అర్థమైంది. తీసెయ్యాల్సిందేనని కూడా అనుకున్నాడు.

పడవ సమయానికి చేరిందో లేదో, తల్లీబిడ్డా దక్కారో లేదో, ఆయనకి కబురు చెప్పాల్సిన అవసరం ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరికీ లేదు.