వెనక సీటు యజమానురాలు

బండి కొన్న రోజు మా ఆయన గుర్తింపు కార్డు ఆయన దగ్గర లేదు. సరిహద్దు పాసు కోసం ఆఫీసులో ఇచ్చి వచ్చారు. పాప టీకాలకని తీసిన నా కార్డు మాత్రం సంచిలో అలాగే ఉండిపోయింది. ఇంత గొడవకీ మూలం అదే.

మా ఆయన కట్టుడు పళ్ళు చేస్తారు. డాక్టరు కాదు. డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్నిబట్టి మైనం పోసి, రంగు చూసుకుని, అరగదీసి పళ్ళసెట్టు తయారు చేసేది ఈయన. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ గులాబీరంగు పొడి ఉంటుంది. "ఊరందరికీ నవ్వులు చేసిపెట్టి ఇంటికి మాత్రం మూతి ముడుచుకుని వస్తాడు" అంటుంది మా అత్తయ్య. ఇక్కడి ల్యాబు మూతపడ్డాక వంతెనకి అవతల, పక్క దేశంలో పని దొరికింది. వెళ్ళడానికి పొద్దున వ్యాను ఉంది గాని, సాయంత్రం వ్యాను ఆయన పని ముగిసేలోపే వెళ్ళిపోతుంది. అందుకని బండి.

మెకానిక్కుల సందులో ఆయన ముందుగా ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశారు. అమ్మేవాళ్ళు ముందే వేడిచేసి ఉంచితే ఎంత మొండి బండైనా ఒక్క కిక్కుకే లేస్తుందట. ఇంజను చల్లగానే ఉంది. రెండో కిక్కుకి స్టార్టయింది. సందు చివరిదాకా తోలి తిరిగొస్తుంటే, రెండో గేరులో పడగానే ఖళ్ళుమని దగ్గింది.

"దగ్గుతోందేంటండీ?" అన్నాను.

"దగ్గు కాదమ్మా, గొంతు సవరించుకోవడం" అన్నాడు అమ్మేవాడు.

అప్పటికే ఇంకొకాయన వచ్చి సీటు మీద చెయ్యేసి నించున్నాడు. మా ఆయనకి కంగారు పుట్టింది. "నీ పేరు మీద రాయించేద్దాం. నీదైతే ఏంటి, నాదైతే ఏంటి?" అన్నారు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక నా పేరుని అంత జాగ్రత్తగా, అక్షరం అక్షరం అడిగి రాసుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఆ పూటంతా నాకు కాస్త గర్వంగానే ఉంది.

మొదటిరోజు పొద్దున్నే బయల్దేరిన మనిషి కాసేపటికే తిరిగొచ్చారు. వాకిట్లో బండి ఆపి, హెల్మెట్టు తియ్యకుండానే, "పద, నువ్వూ రావాలి" అన్నారు.

"నేనెందుకు?"

"ఓనరువి కదా."

ఎవరి పేరున ఉన్న బండిని వాళ్ళే వంతెన దాటించాలట. నడపకపోయినా ఫరవాలేదు, బండి మీద ఉండాలి. వెళ్ళేటప్పుడూ అంతే, వచ్చేటప్పుడూ అంతే. కాగితం రాసిస్తే సరిపోదా అని మా ఆయన అడిగితే, "అలాంటి కాగితాలతోనే సగం దొంగబండ్లు దాటిపోయాయి. కాగితం నమ్మం, మనిషిని నమ్ముతాం" అన్నాడట వంతెనకి ఇవతల ఉండే గేటు ఆయన.

ఆ పూటకి వేరే దారి లేదు. పాపకి గబగబా పాలిచ్చి అత్తయ్య ఒళ్ళో పడేసి, చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వెనక ఎక్కాను. పనికెళ్ళేవాళ్ళకే పాసు, ఊరికే దాటి వచ్చేవాళ్ళకి కార్డు చాలట. గేటు ఆయన నా కార్డూ, నా మొహమూ మార్చి మార్చి చూశాడు. "బండి మీదేనా అమ్మా?"

"నాదేనండీ."

"నడపడం వచ్చా?"

"రాదండీ."

"బాగుంది. మా ఇంట్లోనూ అంతే. ఇల్లు నా పేరున ఉంటుంది, నడిపేది ఆవిడ" అన్నాడు. వెనక లారీవాళ్ళు కూడా నవ్వారు.

అలా మొదలైంది. పొద్దున బండి మీద వంతెన దాటేదాన్ని. అవతలి గేటు దాటగానే దిగి, మళ్ళీ నడుచుకుంటూ ఇవతలికొచ్చి, షేర్ ఆటో ఎక్కి ఇంటికి. సాయంత్రం షేర్ ఆటోలో గేటుదాకా వెళ్ళి, వంతెన మీద నడిచి, అవతల రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల మీద కూర్చునేదాన్ని. ఆయన రాగానే వెనక ఎక్కి ఇంటికి. దీపాలు వేసిన కాసేపటికి బండ్లకి గేటు మూసేస్తారు. నడిచేవాళ్ళని మాత్రం ఇంకాసేపు వదులుతారు. నన్ను చూడగానే గేటు ఆయన, "ఓనరమ్మ వచ్చింది, దారివ్వండి" అని అరిచేవాడు. వీధిలోవాళ్ళు మాత్రం, మొగుణ్ణి కొంగున కట్టుకోవడం విన్నాంగాని ఏకంగా బండితో సహా కట్టేసుకుందని చెప్పుకున్నారు.

పేరు మార్చడం పెద్ద పనేం కాదు. ఇద్దరం కలిసి వెళ్ళి సంతకాలు పెడితే ఒక్క పూటలో అయిపోతుంది. "ఈ వారం మార్చేద్దాం" అన్నారు ఆయన. సరేనన్నాను. ఆ వారం పాపకి పన్ను వస్తోంది, రాత్రుళ్ళు నిద్రలేదు. పై వారం అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. ఆ తర్వాత ఆయనకే తీరలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు.

గుర్తుచెయ్యకపోవడానికి కారణం మా అక్క.

అక్క మా వీధి చివర, లాండ్రీ వెనక గదిలో ఉంటుంది. మా బావ కార్లకి రంగులేసే పని. ఆయనా ఇలాగే బండి కొనుక్కుని అవతల పనికెళ్ళాడు. మొదట్లో రోజూ వచ్చేవాడు. తర్వాత, రోజూ తిరగడం నడుముకి మంచిది కాదని శనివారం శనివారం వచ్చేవాడు. తర్వాత నెలకోసారి. ఇప్పుడు ఫోనులో మాటలే, అదీ అక్క చేస్తే. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. గోడకి వేసిన రంగు వెలిసిపోయినట్టు పోయాడు మనిషి.

అందుకే ఒక సాయంత్రం బండి మీద వస్తుంటే మా ఆయన, "ల్యాబు మీద ఒక గది ఖాళీగా ఉందట. వారంలో నాలుగురోజులు అక్కడే ఉండొచ్చంటున్నాడు మా ఓనరు. నీకూ ఈ తిప్పలు తప్పుతాయి" అనేసరికి ఆయన చొక్కా ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాను.

"నాకేం తిప్పలు లేవు" అన్నాను.

"పాపని వదిలేసి రోజుకి రెండుసార్లు రావట్లా?"

"నాకు గాలి తగులుతోంది."

"చలికాలంలో కూడా తగులుతుందిలే" అన్నారు. ఆ తర్వాత ఇల్లు చేరేదాకా రెండో గేరులో బండి దగ్గిన ప్రతిసారీ పక్కనెవరో పెద్దమనిషి మా మధ్య తగువు తీర్చబోయి నోట మాట రాక ఆగిపోతున్నట్టు అనిపించింది.

బండి నా పేరున ఉన్నంతకాలం అది సాయంత్రానికి ఇవతలికి రావాలి. ఓనరు లేకుండా అవతల రాత్రి ఉంచితే గేటువాళ్ళు పట్టుకుపోతారు. బండి వస్తే దాని మీద ఆయనా వస్తారు. అంతకంటే నాకు ఇంకేం ఆలోచన లేదు. అది తెలివో, పిరికితనమో తేల్చుకునే తీరిక కూడా లేదు.

ఆరోజు మధ్యాహ్నం పాప ఒళ్ళు కాలిపోయింది. తడిగుడ్డ వేసినా తగ్గలేదు. కళ్ళు తేలేస్తోందని అత్తయ్య అరిచింది. ఆస్పత్రికి పరిగెత్తాను. అక్కడ మా ముందు బోలెడంతమంది. వంతెన దాటితే మా ఆయన ఫోను పనిచెయ్యదు. ల్యాబుకి చేస్తే చాలాసేపు ఎవరూ ఎత్తలేదు. చివరికి ఎత్తినతను, "ఆయన ఇప్పుడే బయల్దేరాడమ్మా" అన్నాడు.

నర్సు పాప చంకలో థర్మామీటరు పెట్టింది. కిటికీలోంచి వీధిదీపాలు వెలగడం కనిపించింది. గేటు మూసే వేళయింది. అవతల షెడ్డు కింద ఆయన బండి ఆపుకుని వంతెనకేసి చూస్తూ ఉంటారు. నేను రాను. బండి దాటదు. అప్పుడేం చేస్తారు? తిన్నగా ల్యాబుకి పోతారు. అక్కడ గది ఉండనే ఉంది. బండి పెట్టుకోవడానికి లోపల చోటూ ఉంది, ఒక్క రాత్రికి ఎవరి కంటా పడదు.

మందు పడ్డాక జ్వరం కొంచెం దిగింది. పాపని భుజాన వేసుకుని ఇల్లు చేరేసరికి అక్క గడప మీద కూర్చుని ఉంది.

"రాలేదా?" అంది.

"ఎలా వస్తారు, నేను వెళ్ళకుండా?"

అక్క నా భుజం మీంచి పాపని తీసుకుంది. "రాత్రికి పడుకుంటాడు అక్కడ. మంచం బాగానే ఉంటుంది. మొదటి రాత్రే కష్టమే చెల్లీ. రెండోది సులువు."

"నోరు ముయ్యవే" అంది లోపల్నుంచి అత్తయ్య. "నా కొడుకు నీ మొగుడు కాదు."

"కాడులే అత్తా. మా ఆయన కూడా ముందు మా ఆయన కాదు, వాళ్ళమ్మ కొడుకే" అంది అక్క. ఎవరికీ నవ్వు రాలేదు. పాపని లోపల పడుకోబెట్టి వెళ్ళిపోయింది.

పాప నిద్రపోయింది. నేను గుమ్మంలో నించున్నాను. వీధిలో బండ్లు పోతున్నాయి. ఏ బండి మలుపు తిరిగినా రెండో గేరు పడేదాకా ఊపిరి బిగపట్టేదాన్ని. ఒక్కటీ దగ్గలేదు. చెవులు రెండూ బండి కోసమే ఉండడంతో నడిచొచ్చే కాళ్ళచప్పుడు వినలేదు.

"ఏమైంది? ఏమైందే?"

మా ఆయన. చేతిలో హెల్మెట్టు, ప్యాంటు మోకాళ్ళదాకా దుమ్ము. ఆయాసపడుతున్నారు. ఆ వేళకి షేర్ ఆటోలు దొరకలేదట, గేటు నుంచి సగం పరుగూ సగం నడకా వచ్చారట.

"పాపకి జ్వరం" అన్నాను. "తగ్గింది."

ఆయన హెల్మెట్టు నేల మీద పెట్టి లోపలికెళ్ళి పాప నుదుటి మీద చెయ్యి పెట్టారు. బండి కొనేటప్పుడు ఇంజను మీద పెట్టినట్టే, అంత జాగ్రత్తగా. తర్వాత గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

"వంతెన మీద వచ్చే ప్రతి ఆడమనిషీ నువ్వే అనుకున్నాను" అన్నారు. "నువ్వు ఆగే మనిషివి కాదు కదా. ఏ లారీ కిందో పడ్డావనుకున్నా."

"బండేదీ?"

"షెడ్డు స్తంభానికి గొలుసేసి వచ్చాను. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది."

"ల్యాబులో పెట్టొచ్చుగా?"

"ల్యాబుకి పోయి మళ్ళీ వచ్చేసరికి నడకగేటు కూడా మూసేస్తాడు" అన్నారు విసుగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. "ఇంటికి రావద్దా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య ఆయనకి అన్నం పెడుతూ, "పిల్లకి తగ్గింది, నీకెందుకు ఏడుపు?" అని నన్ను కసిరింది.

పొద్దున్నే ఇద్దరం నడిచి వంతెన దాటాం. బండి ఉంది. మా గేటు ఆయన అవతలి రాత్రి డ్యూటీవాళ్ళకి చెప్పి, దాన్ని స్తంభంతో సహా కాపలా కాయించాడట. "ఓనరమ్మ బండి. వాళ్ళు పట్టుకుపోతే రేపట్నుంచి నాకు కాలక్షేపం ఏముంటుంది?" అన్నాడు.

వెనక ఎక్కాను. "ల్యాబుకేగా?" అన్నారు ఆయన.

"ఇవతలికి తిప్పండి. పేరు మార్చే ఆఫీసుకి పోదాం."

"ఇవాళా? తొందరేముంది?"

"మళ్ళీ పాపకి జ్వరం వస్తే? పదండి."

ఆ పూట ఆయన పనికి ఆలస్యమైంది. నేను సంతకం పెట్టాను. నా పేరు కొట్టేసి ఆయన పేరు రాసుకున్నారు. నా పేరు రాసినప్పుడు పట్టినంత సేపు కూడా పట్టలేదు.

సాయంత్రం పాప ఆడుకుంటోంది. అత్తయ్య దగ్గరే ఉంది. నాకు పనేమీ లేదు. కాళ్ళు ఆగక షేర్ ఆటో ఎక్కి గేటుదాకా వెళ్ళాను. వంతెన ఎక్కలేదు, ఇవతలే నించున్నాను.

"ఇంక మీరు రానక్కర్లేదు కదమ్మా" అన్నాడు గేటు ఆయన.

"తెలుసండీ."

దీపాలు వెలిగాయి. బండ్లు బారులు తీరాయి. గేటు కర్ర లేస్తోంది, దిగుతోంది. ఒకటి దాటింది, ఇంకొకటి దాటింది. గేటు ఆయన గడియారం చూసుకున్నాడు, నాకేసి చూశాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు. అప్పుడు, వంతెన మధ్యలో ఎక్కడో, ఒక బండి దగ్గింది.

ఆయన నన్ను చూసి ఆపారు. "ఇదేంటి, మళ్ళీ వచ్చావు?"

"ఊరికే."

"రేపట్నుంచి రాకు" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. "ఎక్కు."

ఎక్కబోతూ చూశాను. బండి తాళంచెవి పక్కన, అదే రింగుకి, ఇంకో తాళంచెవి వేలాడుతోంది. కొత్తది, పసుపుపచ్చది. నేను చూడడం ఆయనా చూశారు.

"పై గదిది. వానలు ముదిరితే ఎప్పుడైనా ఉండాల్సొస్తుందని ఇచ్చాడు మా ఓనరు. ఇస్తుంటే వద్దంటే ఏం బాగుంటుంది?"

"బాగోదు" అన్నాను.

ఆయన చొక్కా పట్టుకుని కూర్చున్నాను. గేటు నుంచి మా వీధిదాకా రోడ్డంతా గతుకులే. ప్రతి గతుక్కీ ఆ రెండు తాళంచెవులూ ఒకదానికొకటి తగిలి టింగుమంటున్నాయి. ఇన్నాళ్ళూ బండి దగ్గు ఒక్కటే వినేదాన్ని. ఇకనుంచి దీన్ని కూడా వినాలి.