వేడి మీద దంచిన పొడి

శొంఠక్కకు కోపం వస్తే అరవదు. అసలు చిక్కంతా అక్కడే. అరిచేవాళ్ల కోపం ఆ పూటతో సరి, నోరు నొప్పెట్టాక అదే చల్లబడుతుంది. ఈమె కోపం అలాంటిది కాదు. లోపల తీరిగ్గా కూర్చుని తన వంతు కోసం చూస్తుంది. శొంఠి దంచీ దంచీ ఆ పేరొచ్చిందని వీధిలో కొందరంటారు. కాదు, ఆమె మాట ఒక్కసారి తగిలితే పేరెందుకొచ్చిందో తెలుస్తుందని ఇంకొందరంటారు. రెండూ నిజమే. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, ఆమె కూడా ఎవరికీ గుర్తు చేయలేదు.

వాళ్లది ఒకే ఒక్క సరుకు అమ్మే కొట్టు. వేడి పాలలోనో, టీలోనో చిటికెడు వేసుకునే పొడి. శొంఠి, మిరియాలు, యాలకులు, లవంగాలు, దాల్చినచెక్క, చివర్న గోరంత జాజికాయ. ముందు కొట్టు, వెనక దంపుడు గది, పైన కాపురాలు. ఆ పొడి పాళ్లు కుదిర్చింది శొంఠక్క, కొట్టు పెట్టింది ఆమె భర్త. ఆయన బల్ల వెనక కూర్చుని వచ్చినవాళ్లకు అరగ్లాసు పాలలో పొడి కలిపి రుచి చూపించేవాడు. ఎవరైనా బాగుందంటే చాలు, వెనక్కి తిరిగి రోలు వైపు చెయ్యి చూపించేవాడు. మూడేళ్ల కిందట ఆయన పోయాడు. నెల తిరక్కముందే మరిది వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ లేవమనలేదు. శొంఠక్క ఏడుపు మానుకుని కళ్లు తుడుచుకుని చూసేసరికి కుర్చీలో మెత్త కూడా మారిపోయింది.

పోతే పోయింది కుర్చీ, రోలు నాదేగా అనుకుంది. మూడేళ్లు నోరు మూసుకుని దంచింది. పక్కన తోడికోడలు ఉండేది. ఆ పిల్ల ఎనిమిదేళ్ల కిందట ఆ ఇంటికి వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. యాలకులు వలవమంటే వలిచేది, జల్లెడ పట్టమంటే పట్టేది, గుడ్డలు ఉతకమంటే ఉతికేది. మరిది మాత్రం ఆ గదిలో కాలు పెట్టింది లేదు. మిరియాల ఘాటుకు తుమ్ములొస్తాయట. బల్ల దగ్గర కూర్చుని మాత్రం, నాకు తూకాలూ కొలతలూ అక్కర్లేదు, ముక్కుంటే చాలు, ఒక్క పీల్పుతో సరుకు జాతకం చెప్పేస్తానని కోతలు కోసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ మహానుభావుడు ఒక రేకు డబ్బా తెచ్చి శొంఠక్క కంచం పక్కన పెట్టాడు. డబ్బా మీద అతని బొమ్మ ఉంది, చేతులు కట్టుకుని నవ్వుతూ. కింద పెద్ద అక్షరాలతో 'మూడు తరాల రహస్యం' అని ఉంది. ఏ మూడు తరాలు? అతని తాత ముత్తాతలు సైకిళ్లకు పంచర్లు వేసుకుని బతికారు. మెయిన్ రోడ్డు మీద పెద్ద కొట్టు తీస్తున్నాడట. నెల రోజుల్లో మూడొందల డబ్బాలు కావాలట. ఇక వదినకు వయసు మీద పడుతోంది కాబట్టి దంపుడు తన భార్యకు నేర్పేసి, పై గది ఖాళీ చేసి, పుట్టింట్లో తమ్ముడి దగ్గర హాయిగా ఉండొచ్చట. శొంఠక్కకు నలభై ఎనిమిదేళ్లు. రోకలి ఎత్తితే మరిది రెండు చేతులతో కూడా దించలేడు.

మరి నా పేరెక్కడుందని ఆమె అడిగింది. అతను మజ్జిగ తాగుతూ నవ్వాడు.

"పొడికి పేరేంటి వదినా? ఎవరు దంచినా పొడే."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో శొంఠక్కకు ఆ క్షణాన తెలిసింది. ఇరవై రెండేళ్లుగా అరచేతుల్లో కాయలు కాయించుకుని నిలబెట్టిన పొడి, ఎవరు దంచినా పొడేనట! నేర్పనంటే ఇవాళే గెంటుతాడు, నేర్పితే నెలాగి గెంటుతాడు. ఎటు చూసినా ఇల్లు పోతుంది, రోలు పోతుంది. పోయేది ఎలాగూ పోతుంది కాబట్టి, వాణ్ని నలుగురిలో నిలబెట్టి వాడి పరువు తీసి మరీ పోవాలనుకుంది. కంచంలో చెయ్యి కడిగేసుకుని, చాలా మెత్తగా, అలాగే నాయనా, నేర్పుతానంది.

ఆ పొడికి ప్రాణమంతా చల్లార్చడంలో ఉంది. దేనికది విడిగా వేయించాలి. వేయించింది తెల్లటి గుడ్డ మీద పలచగా పరవాలి. అరచెయ్యి పెట్టి చూస్తే లాభం లేదు, పని చేసే అరచేతికి వేడి తెలియదు. చెయ్యి తిరగేసి వెనక వైపు ఆనించాలి. ఏ మాత్రం వెచ్చగా తగిలినా ఆగాలి. పూర్తిగా చల్లబడ్డాకే రోట్లో వేయాలి. దంచుతుంటే పొడి మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి మళ్లీ పరిచి, మళ్లీ చల్లార్చి, అప్పుడు మూత పెట్టాలి. వేడి మీద మూత పడిందా, లోపల చెమట పోస్తుంది. వారానికి గడ్డ కడుతుంది, రెండు వారాలకు ముక్కిపోతుంది. కానీ అలా వేడి మీద దంచిన పొడికి మొదటి రోజు వాసన ఉంటుంది చూడండి, మామూలు పొడికి రెండింతలు. శొంఠక్క కొత్తలో ఒకసారి ఆ తప్పు చేసింది. వాసనకు మురిసిపోయి, రెండు వారాల తర్వాత జాడీ మొత్తం కాలవలో పారబోసింది. పీల్పుతో జాతకాలు చెప్పే మరిదికి సరిపోయే తప్పు అదొక్కటే.

మర్నాడు తోడికోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని పాళ్లన్నీ నిజాయితీగా చెప్పింది. ఏది ఎంత, ఏది ముందు, ఏది ఎంత రంగు వచ్చేదాకా, ఒక్కటి దాచలేదు. చివర్లో, ఇన్నాళ్లూ నేను చేసింది పాత పద్ధతి, పెద్ద కొట్టుకు అది పనికిరాదని మొదలుపెట్టింది.

"పెనం మీంచి తీసింది తీసినట్టే దంచు. దంచింది దంచినట్టే డబ్బాకెత్తి మూత బిగించు. వాసన బయటికి పోకూడదు."

ఆ పిల్ల చేతిలో జల్లెడ ఒక్క క్షణం ఆగింది. మూల మడత పెట్టి ఉన్న తెల్లగుడ్డ వైపు చూసింది, శొంఠక్క మొహం వైపు చూసింది. సరే అక్కా అని మళ్లీ పని అందుకుంది.

శొంఠక్కకు మనసులో ఎక్కడో చురుక్కుమంది. రేపు పొడి పాడైతే ముందు తిట్లు తినేది ఈ పిల్లే. తిననీ, నాకేం? కొత్త కొట్టుకు యజమానురాలు కాబోయేది ఈమేగా. నా గది ఖాళీ అయితే బీరువా పెట్టుకునేదీ ఈమేగా. వాడి పక్షాన ఉన్నవాళ్లకు వాడితోపాటే పడుతుందని మనసును గద్దించి కూర్చోబెట్టింది.

మొదటి డబ్బా వాసన వీధి చివరిదాకా వెళ్లింది. మరిది గుమ్మంలోనే నిలబడి కళ్లు మూసుకుని పీల్చి, ఇన్నాళ్లూ ఈ వాసన ఎక్కడ దాచావు వదినా అన్నాడు. ఆవిడకు నవ్వు పొట్టలో దాచుకోలేక చచ్చే చావయింది. బయట ముసురు, లోపల వేడి పొడి, పైన బిగించిన మూతలు. మూడొందల డబ్బాలు గోడకు వరసగా పేర్చారు. శొంఠక్క ఒక్కో రోజూ లెక్కపెట్టుకుంటూ, ఆ డబ్బాల పక్క నుంచి వెళ్లేటప్పుడల్లా వాటిని ముద్దుగా తట్టింది. పెట్టె సర్దుకుంది. కొత్త కొట్టు తెరవడం కళ్లారా చూసి వెళ్తానంది. పాపం, వదినకు ఎంత అభిమానమో అని మరిది వీధిలో చెప్పుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. కొత్త కొట్టులో స్టేషన్ టీ కాంట్రాక్టరు, హోటల్ యజమాని, ఆస్పత్రి క్యాంటీన్ నడిపే ఆవిడ, ఇంకో పాతికమంది కుర్చీల్లో కూర్చున్నారు. మరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాలగ్లాసు మీద డబ్బా వంచాడు. ఏమీ పడలేదు. అడుగున తట్టాడు. గట్టిగా కొట్టాడు. గడ్డ గడ్డంతా ఒకేసారి జారి గ్లాసులో పడి, పాలు ఎగిరి కాంట్రాక్టరు చొక్కా నిండా చిందాయి. తడిసిన గోనెసంచి వాసన గుప్పున లేచింది. రెండో డబ్బా తెరిచాడు, అదీ అంతే. మూడోదాంట్లో తెల్లటి బూజు. కాంట్రాక్టరు ఆ గడ్డను వేలితో పొడిచి చూశాడు.

"ఇది పొడా, ఇటుకా?"

అందరూ నవ్వారు. శొంఠక్క వెనక వరసలో నిలబడి ఆ నవ్వును ఆఖరి చుక్క దాకా తాగింది. మూడేళ్ల మంట చల్లబడింది. మరిది డబ్బా విసిరికొట్టి పెళ్లాం మీద పడ్డాడు. చేతకానిదానివన్నాడు, బుద్ధి లేదన్నాడు, ఏం చేసి తగలెట్టావో చెప్పమని పాతికమంది ముందు అరిచాడు. ఇంకేముంది, ఇప్పుడు నా పేరు బయటికొస్తుందని శొంఠక్క కొంగు నడుముకు బిగించింది. వస్తే రానీ, అందరి ముందూ అవును నేనే అని చెబుదామనుకుంది.

"అక్క చల్లారాకే దంచమంది. నేనే వినలేదు," అంది ఆ పిల్ల.

శొంఠక్క బిగించిన కొంగు వదులు చేసుకుంది. క్యాంటీన్ ఆవిడ లేచి, చేసే మనిషి వెనక నిలబడి ఉంటే డబ్బా మీద నీ బొమ్మెందుకయ్యా అని మరిదిని అడిగి వెళ్లిపోయింది. వెనకే తక్కినవాళ్లు లేచారు.

ఇంటికొచ్చాక దంపుడు గదిలో శొంఠక్క తోడికోడల్ని నిలదీసింది. తప్పు చెప్పానని నీకు తెలుసా అని అడిగింది. ఎనిమిదేళ్లు ఆ తెల్లగుడ్డ ఉతికిందాన్ని, అది ఎందుకో నాకు తెలియదా అంది ఆ పిల్ల. తెలిసీ మూడొందల డబ్బాలు వేడి మీద ఎందుకు దంచావంటే, చేతులు కడుక్కుంటూ చెప్పింది. రెండు చలికాలాల కిందట వాళ్లమ్మ మంచాన పడి కబురు పంపితే, పొడికి గిరాకీ ఉన్న రోజులు, ఇప్పుడు వెళ్తే ఎలా అని మొగుడు ఆపేశాడు. వెళ్లేసరికి అమ్మ లేదు. అప్పటినుంచి ఆయన నలుగురిలో తలదించుకునే రోజు కోసం చూస్తోంది. ఆ రోజును శొంఠక్క చేతికందిస్తే కాదనడానికి తానేమైనా పిచ్చిదా? అక్క పేరు చెబితే, అంతా వదిన మోసమని ఆయన మళ్లీ తలెత్తుకునేవాడు, అందుకే తప్పు తన మీద వేసుకుందట.

"ఒక్క మాట ముందే చెప్పి ఉంటే కలిసి చేసేవాళ్లం. నువ్వు ఆయనతోపాటు నన్నూ ముంచాలని చూశావక్కా," అంది.

శొంఠక్క మూలనున్న తెల్లగుడ్డ తీసి దులిపి, మళ్లీ మడత పెట్టింది.

మూడో రోజు మరిది దంపుడు గది గుమ్మం దగ్గరికొచ్చి, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. పాత గిరాకీలన్నీ చేజారుతున్నాయి, వదినే మళ్లీ దిక్కట. శొంఠక్క అతన్ని చాలాసేపు నిలబెట్టింది. ఆ పిమ్మట మూడు సంగతులు చెప్పింది. డబ్బాల మీద బొమ్మ అతనే గీకాలి. మిరియాలు రోజూ అతనే దంచాలి. బల్ల వెనక కుర్చీలో ఇక కూర్చునేది అతని భార్య. మూడో మాటకు అతను గింజుకున్నాడు. పెట్టె సర్దే ఉంది, బండి పిలవమంటావా అందామె. గింజుకోవడం ఆగిపోయింది.

వారం తిరిగేసరికి మరిది రోలు ముందు తుమ్ము మీద తుమ్ము తుమ్ముతున్నాడు. ముక్కు దుంపలా ఉబ్బి ఎర్రబడింది. శొంఠక్క అతని పక్కనే పీట వేసుకుని, ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా అని చెబుతూ కూర్చుంది. ఆ సుఖం ఇంతా అంతా కాదు. రెండుసార్లు చల్లార్చిన కొత్త పొడిని పాలలో కలిపి, మొదటి గ్లాసు తనే పట్టుకుని ముందుకెళ్లింది. తోడికోడలు కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఇప్పించింది నేనేగా, ఇక ఇద్దరి మధ్యా సరిపోయినట్టేననుకుని గ్లాసు ఆమె ముందు పెట్టింది.

ఆ పిల్ల గ్లాసు ఎత్తి వాసన చూసింది. పొడి బాగా కుదిరిందంది. పొడి కొనడానికొచ్చి బల్లకు అవతల నిలబడ్డ మనిషికి ఆ గ్లాసు అందించి, రుచి చూడండి అంది.

"అది నీకు తెచ్చాను," అంది శొంఠక్క.

"తెలుసక్కా. నీ చేత్తో ఇచ్చింది నేనిక తాగను."

ఆ మాట కోపంగా కూడా అనలేదు. అరవని కోపం ఎంతకాలం ఉంటుందో ఆ వీధిలో శొంఠక్కకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వెనక గదిలోకి వెళ్లి, మరిదిని లేవమని, రోకలి తను అందుకుంది.