మూడు హాళ్లు, ఒకే కప్పు

అల్మాటీలో పెళ్లి విందులు చిత్రీకరించేవాళ్లలో పన్నెండుగురు నా దగ్గరే కెమెరాలు, మైకులు కొంటారు. నా దుకాణం నిలబడింది వాళ్ల మీదే. ఆ నెలాఖరులోగా అద్దె ఒప్పందం పొడిగించుకోవాలి, లేదా ఖాళీ చేయాలి. సరిగ్గా అప్పుడే ఆ పన్నెండుగురికీ పెద్ద లాంటి కువాందిక్ ముగ్గురిని వెంటేసుకొచ్చి, వైర్లెస్ మైకుల పెట్టెను నా బల్ల మీద పెట్టాడు.

"కుల్షారా అక్కా, కొత్తది. బయ్‌గజి ఇవ్వు."

కొత్త వస్తువు చూపించి బయ్‌గజి అడిగితే ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. అది మా ఆచారం. ఆన్‌లైన్‌లో కొన్న సరుకుకు దుకాణదారునే అడగడం మాత్రం ఎగతాళి.

"ఎంతకొచ్చింది?"

"రెండు లక్షల తొంభై వేల తెంగె. నువ్వు నాలుగు అరవై చెప్పావు. ఆ తేడాతో ఓ గుర్రప్పిల్లను కొనొచ్చు."

"దాని మీదెక్కి పెళ్లి తీస్తావా?"

ముగ్గురూ నవ్వారు. నేను పెట్టె తిప్పి వెనక అంకెలు చూశాను. నాలుగే చానెళ్లు. "మొదటి పని ఏ హాల్లో?"

"శనివారం. స్టేషను వెనక పెద్ద భవనంలో."

అక్కడ ఒకే కప్పు కింద మూడు హాళ్లున్నాయి. ఊళ్లో ఏ హాలు వాళ్ల మైకు ఏ చానెల్‌లో నడుస్తుందో పదకొండేళ్లుగా ఒక పుస్తకంలో రాసుకుంటున్నాను. తీసి చూశాను. ఆ నాలుగూ అక్కడ నిండిపోయి ఉన్నాయి.

"అక్కడ ఇది పని చేయదు, తమ్ముడూ."

"సరుకు అమ్ముడుపోనివాళ్లు అనే మాటే. బయ్‌గజి ఎగ్గొట్టడానికి బాగానే దారి వెతికావు."

లెక్క వేసుకున్నాను. వాదిస్తే అసూయ అంటారు. ఊరుకుంటే, వాడి మైకు పనిచేసినా చేయకపోయినా నన్నెవరూ తలుచుకోరు. "ఎగ్గొట్టను. శనివారం నా మైకులు సంచిలో వేసుకుని నేనే వస్తా. పెళ్లయ్యేదాకా నీ పక్కనే ఉంటా. అదే నీ బయ్‌గజి."

"రా అక్కా. మాంసమైనా తిని పోదువు."

శనివారం మధ్యాహ్నం పరీక్షించినప్పుడు వాడి మైకు గంటలా మోగింది. "విన్నావా?" అని కన్నుగీటాడు. నేను టీ తాగుతూ కూర్చున్నాను. పక్క హాళ్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఏడింటికి మూడూ నిండాయి. వరుడి తాతకు తొంభై ఒకటి. దీవెన ఇవ్వడానికి మనవడి భుజం పట్టుకుని లేచాడు. ఆ దీవెన రికార్డు చేయడానికే ఆ కుటుంబం కువాందిక్‌ను పెట్టుకుంది. తాత మైకు వాడి చెవిలో మోగాలి. వాడి ముఖం మాత్రం తెల్లబోయింది. హెడ్‌ఫోన్ తీసి నా చెవికి ఆనించాడు. పక్క హాల్లో విందు నడిపేవాడు వధువు అత్తగారి మీద జోకులేస్తున్నాడు.

"చానెల్ మార్చు."

మార్చాడు. అక్కడ ఎవరో పాడుతున్నారు. మూడోది, నాలుగోది కూడా అంతే.

"అక్కా, ముసలాయన్ని మళ్లీ చెప్పమనలేం," అన్నాడు మెల్లగా.

నేను సంచి తెరిచి, నా రిసీవర్‌ను వాడి కెమెరాకు తగిలించి ముందుకు నడిచాను. "తాతా, కాలర్ వంకరపోయింది, ఒక్క క్షణం," అని ఆయన వేసుకున్న పొడవాటి చపాన్ కోటు సర్దుతున్నట్టు నా మైకు తగిలించాను. ఆ హాలుకు నా పుస్తకంలో ఉన్న ఖాళీ చానెల్‌ను పొద్దున్నే దానిలో పెట్టుకొచ్చాను. ముసలాయన అరచేతులు పైకెత్తాడు. ప్రతి మాటా, మాటల మధ్య ఊపిరీ, హెడ్‌ఫోన్‌లో శుభ్రంగా వినిపించాయి. కువాందిక్ కళ్లు మూసుకుని విన్నాడు.

సోమవారం వాడు తన పెట్టెను వెనక్కి పంపించి, అయిదుగురితో వచ్చాడు.

"రేటు తగ్గించక్కా. ఆరు సెట్లు."

"ఒక్క తెంగె కూడా తగ్గదు. ఎక్కడ ఏ చానెల్ ఖాళీయో చెప్పడం కూడా ఆ ధరలోదే."

"పోనీ ఆ పుస్తకం ఫోటో తీసుకోనీ."

"తీసుకో. వచ్చే నెలకు సగం హాళ్లు చానెళ్లు మార్చేస్తాయి. అప్పుడు ఆ ఫోటోకు ఫోన్ చెయ్."

వాళ్లలో చిన్నవాడు పకపకా నవ్వాడు. "అడిగినంతా ఇచ్చెయ్ అన్నా, ఈవిడతో గెలవలేం."

ఆరు సెట్లూ అమ్ముడయ్యాయి. మిగతా ఆరుగురూ వారం తిరగకుండా వచ్చారు. దుకాణం అద్దెకిచ్చిన యజమాని ఏడాదికి ఒప్పందం రాసుకొచ్చాడు. మూడేళ్లకు రాయమని వెనక్కి పంపాను. రాసి తెచ్చాడు.